పొయ్యి కట్టెలకు కోత మిషన్: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి

మిషన్ షాపుకి వెళ్లే ముందు టేపు పట్టుకుని మీ కట్టెల దగ్గరికి వెళ్లండి. ఏ కంపెనీ, ఇంజను ఎన్ని సీసీలు అన్నది తర్వాత చూసుకోవచ్చు. ఏడాదిలో మీరు కోసే కట్టెల్లో ముప్పాతిక వంతు ఎంత లావుంటాయో తెలిస్తే మిషన్ సగం ఎంచుకున్నట్టే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటి పొయ్యిలోకి, నీళ్ల కాగు కిందకి పోయేవి ఎక్కువగా సర్కారు తుమ్మ, సరుగుడు, జామాయిలు, సుబాబులు, తోటల్లో తీసేసిన నిమ్మ, మామిడి కొమ్మలు. వీటిలో అడుగు లావు దాటేవి తక్కువ. అయినా చాలామంది షాపతను చెప్పాడనో, పక్కింటాయన కొన్నాడనో 22 అంగుళాల బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) ఉన్న 58 సీసీ మిషన్ ఇంటికి తెచ్చుకుంటారు. నాలుగు రోజులు కోసేసరికి భుజాలు లాగి దాన్ని మూలన పెడతారు. ఇంటి కట్టెలకి అంత పెద్దది అక్కర్లేదు. చిన్న మిషన్, పదునైన చైను, దగ్గర్లో దొరికే విడి సామాను, ఈ మూడూ ఉంటే చాలు.

ముందు కట్టెని కొలవండి

మాను చుట్టూ టేపు తిప్పి, వచ్చిన కొలతని 3తో భాగించండి. 36 అంగుళాల చుట్టు ఉంటే లావు దాదాపు 12 అంగుళాలు. అసలు లెక్క 3.14తో భాగించాలిగానీ, 3తో భాగిస్తే కాస్త ఎక్కువగా వస్తుంది. మిషన్ కొనేటప్పుడు ఆ కాస్త ఎక్కువే మంచిది.

కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు మెట్ట చేలగట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ సాధారణంగా 3 నుంచి 8 అంగుళాల లావుంటుంది. ఒకే మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు వంకర్లు తిరిగి లేస్తాయి. చేవ గట్టిది, ఎండితే మరీ గట్టిపడుతుంది. దీనికి పెద్ద బార్ కంటే, కొమ్మల సందులో దూరే పొట్టి బార్ పనికొస్తుంది. కొత్తపట్నం నుంచి కావలి, విడవలూరు దాకా తీరం వెంట ఇసుక నేలల్లో ఉండే సరుగుడు నిటారుగా, 3 నుంచి 6 అంగుళాల లావుంటుంది. కోయడం తేలికే. కానీ బెరడులో ఇరుక్కున్న ఇసుక చైనుని తినేస్తుంది. జామాయిలు, సుబాబులు బోదెలు కాగితం మిల్లులకి పోతాయి కాబట్టి ఇంటికి మిగిలేది కొసలు, మోడులే. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోట తీసేస్తే వచ్చేవన్నీ సన్న కట్టెలు. ఉలవపాడు వైపు మామిడి మాను లావుగానే ఉంటుంది గానీ మెత్తన, చిన్న మిషన్ కూడా తెగ్గోస్తుంది.

వేప, చింత మాట వేరు. రెండు మూడు అడుగుల లావున్న చింత మొదలు ఇంటి అవసరానికి ఎప్పుడో ఒకసారి వస్తుంది. దాని కోసం పెద్ద మిషన్ కొనకండి. ఆ ఒక్క రోజుకి కూలికి కోసే మిషన్ వాళ్లని పిలిచి దుంగలు చేయించుకుని, మిగతాది మీ చిన్న మిషన్‌తో కోసుకోండి.

రెండంగుళాల లోపు కట్టెలకి మిషన్ అవసరమే లేదు. మచ్చుకత్తి, గొడ్డలి చాలు. సన్న పుల్లల్ని చైనుకి పెడితే అవి ఎగిరి మీదకి వస్తాయి.

ఇంకో కొలత కూడా చూసుకోండి: మీ పొయ్యి. మూడు రాళ్ల పొయ్యిలోకి కట్టెని కొద్దికొద్దిగా తోసుకుంటూ పోతారు కాబట్టి మూరెడు, రెండడుగులు ఉన్నా సరిపోతుంది. బాయిలరుకైతే అడుగు ముక్కలు కావాలి. అదే కట్టెకి అడుగు ముక్కలైతే రెట్టింపు కోతలు, రెట్టింపు పెట్రోలు, రెట్టింపు అరుగుదల. కట్టె ఎంత పొడవుగా పడితే అంత పొడవుగా వాడే పొయ్యి ఉన్నవాళ్లకి మిషన్ పని సగమే.

కరెంటా, బ్యాటరీయా, పెట్రోలా

కట్టెలు ఇంటి పెరట్లోనే కోస్తారు, ఏడాదికి ఒక ట్రాక్టరు ట్రక్కు దాటదు అంటే కరెంటు మిషన్ గురించి ముందు ఆలోచించండి. 1800 నుంచి 2000 వాట్ల మోటారు, 12 నుంచి 16 అంగుళాల బార్‌తో బాష్, మకీటా వంటివి దొరుకుతాయి. స్విచ్ నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. పెట్రోలు కలపడం, తాడు లాగడం, కార్బురేటరు శుభ్రం చేయడం ఏవీ ఉండవు. పొగ లేదు, చప్పుడూ తక్కువే. ఆరంగుళాల సర్కారు తుమ్మని ఇబ్బంది లేకుండా కోస్తుంది. చైను ఆయిలు మాత్రం దీనికీ పోయాలి. కరెంటుదే కదా అని ఆయిలు పోయకుండా నడిపితే గంటలోనే బార్ నల్లబడి పాడవుతుంది.

1800 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు. ఫ్యాను, సెల్ ఛార్జరు పెట్టే 6 ఆంపియర్ల సాకెట్ చాలదు, 16 ఆంపియర్లది కావాలి. పొడిగింపు వైరు 20 మీటర్ల లోపైతే 1.5 చదరపు మిల్లీమీటర్లది, 50 మీటర్ల దాకా అయితే 2.5ది. సన్న వైరు వాడితే వోల్టేజీ దారిలోనే పడిపోయి మోటారు బరువెక్కి వేడెక్కుతుంది. వైరు చుట్టగా ఉండగానే వాడకండి, మొత్తం విప్పి పరవండి. చుట్టలో వేడి నిలిచి తొడుగు కరుగుతుంది. సాయంత్రం పూట లైట్లు మసకబారే ఊళ్లలో ఈ మిషన్‌ని పొద్దున్నే వాడుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసేది) లేని ఇంట్లో దాన్ని పెట్టించాకే ఈ మిషన్ కొనండి. పొలంలో బోరు మోటారు స్టార్టరు పెట్టెలో వైరు కొసలు తగిలించి కోత మిషన్ తిప్పడం ప్రాణాలతో ఆట. ఆ పని అసలు చేయొద్దు.

బ్యాటరీ మిషన్లలో రెండు రకాలున్నాయి. 4 నుంచి 6 అంగుళాల బార్‌తో ఒంటి చేత్తో పట్టుకునేవి ఇప్పుడు ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముతున్నారు. అవి నిమ్మ, దానిమ్మ కొమ్మలు కత్తిరించడానికి బాగుంటాయి. మూడంగుళాలు దాటిన ఎండు తుమ్మ మీద పెడితే బ్యాటరీ వెంటనే దిగిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. రెండో రకం 36, 40 వోల్టుల పెద్ద బ్యాటరీవి. నిజంగా మంచివి, కానీ ఖరీదు పెట్రోలు మిషన్ని దాటుతుంది, బ్యాటరీ పాడైతే మళ్లీ పెద్ద ఖర్చు. బ్యాటరీ ఇక్కడి షాపులో దొరుకుతుందని ఖాయం చేసుకున్నాకే కొనండి.

చేల గట్ల మీద, వాగుల పక్కన కోసేవాళ్లకి, ఏడాదికి రెండు ట్రక్కులు దాటేవాళ్లకి పెట్రోలు మిషన్ తప్పదు.

బార్ పొడవు, సీసీ, బరువు: ఈ వరసలోనే చూడండి

మీరు ఎక్కువగా కోసే లావుకి రెండంగుళాలు కలపండి. అదే మీకు కావలసిన బార్. 8 అంగుళాల తుమ్మకి 10 చాలు, 12 ఉంటే హాయి. 14 లేదా 16 అంగుళాల బార్‌తో ఈ రెండు జిల్లాల్లో ఇంటి కట్టె దాదాపు అంతా కోయొచ్చు. అప్పుడప్పుడు వచ్చే 20 అంగుళాల మొద్దుని అటు సగం, ఇటు సగం కోసుకోవచ్చు.

బార్ పొడవైన కొద్దీ ఇంజను ఎక్కువ చైనుని లాగాలి, ఎక్కువ ఆయిలు తాగుతుంది, ఎక్కువ పళ్లకి ఆకురాయి పెట్టాలి. వంకర కొమ్మల్లో బార్ కొస కనబడకుండా అవతల దేనికో తగులుతుంది. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. అందుకే పొడవు బార్ ఎక్కువ పని చేస్తుందన్నది పెద్ద మాన్ల విషయంలో నిజం, పొయ్యి కట్టెల విషయంలో కాదు.

సీసీకి వస్తే, 14-16 అంగుళాల బార్‌కి 30 నుంచి 40 సీసీ సరిపోతుంది. స్టిల్ ఎంఎస్ 180 ఈ తరగతిలోది. దాని ఇంజను 31.8 సీసీ, బార్, చైను, పెట్రోలు లేకుండా బరువు 4 కిలోల దగ్గర. ఏడాదికి నాలుగైదు ట్రక్కులు కోసేవాళ్లు, 12 అంగుళాలు దాటిన ఎండు మొద్దులు తరచూ తగిలేవాళ్లు 45 సీసీ తరగతికి వెళ్లొచ్చు. స్టిల్ ఎంఎస్ 250 అలాంటిది, 45.4 సీసీ. హస్క్‌వర్నాలో కూడా ఈ రెండు తరగతులకీ సరిపోయేవి ఉన్నాయి. 50 సీసీ పైన ఉన్నవి బొగ్గుల బట్టీలకి, కలప డిపోలకి రోజంతా కోసేవాళ్ల పనిముట్లు.

పేరులేని మిషన్ల మీద 58 సీసీ అని రాసి ఉంటుంది. వాటిలో చాలావాటి సిలిండరు వ్యాసం 45.2 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే పొడవు 34 మిల్లీమీటర్లు. లెక్క కడితే 54.5 సీసీ దగ్గర వస్తుంది. పెట్టె మీద అంకె కంటే లోపలి కొలత నమ్మండి. హార్స్ పవర్ అంకె చూసి మోసపోకుండా కిలోవాట్లు అడగండి. ఒక హార్స్ పవర్ అంటే 0.75 కిలోవాట్లు.

బరువుని కాగితం మీద చదివి ఊరుకోకండి. పెద్ద 58 సీసీ మిషన్ బార్, చైను, పెట్రోలు, ఆయిలుతో కలిపి ఏడు కిలోల దగ్గరికి వస్తుంది. షాపులో దాన్ని నడుము ఎత్తులో పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడండి. చేతులు వణికితే ఆ మిషన్ మీది కాదు. అలసిన చేతుల్లో మిషన్ మాట వినదు.

చైను మీద ఉండే మూడు అంకెలు

కొన్నాక మళ్లీ మళ్లీ కొనాల్సింది చైనే. ఈ మూడు అంకెలు తెలియకపోతే తప్పుడు చైను తెచ్చుకుని తిరిగి వెళ్లాల్సి వస్తుంది. బార్ మొదట్లో ఇవి చెక్కి ఉంటాయి, ఒక చీటీ మీద రాసుకోండి. మొదటిది పిచ్, అంటే చైను లింకుల మధ్య దూరం, అంగుళాల్లో: చిన్న మిషన్లకి సాధారణంగా 3/8 లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ రకం), 45 నుంచి 58 సీసీ వాటిలో చాలావాటికి .325. రెండోది గేజ్, అంటే బార్ గాడి వెడల్పు: .050 అంటే 1.3 మిల్లీమీటర్లు, .058 అంటే 1.5. మూడోది గాడిలో కూర్చునే పళ్ల లెక్క. 22 అంగుళాల 58 సీసీ మిషన్లకి అది సాధారణంగా 86, 18 అంగుళాల వాటికి 72. ఇవి మూడూ కలిస్తేనే చైను సరిపోతుంది. పొడవు ఒకటే చెప్పి కొంటే గాడిలో వదులుగా ఊగే చైను రావచ్చు.

ఇక కోసే పన్ను ఆకారం. నిలువు మూల ఉన్న ఫుల్ చిజెల్ పచ్చి, శుభ్రమైన కట్టెని వేగంగా కోస్తుంది. కానీ మట్టి, ఇసుక తగిలిన వెంటనే మొద్దుబారుతుంది. మూల గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ కాస్త నిదానంగా కోసినా పదును ఎక్కువసేపు నిలుపుతుంది. ఎండు సర్కారు తుమ్మకి, ఇసుక సరుగుడుకి సెమీ చిజెలే. షాపులో ఈ పేరుతోనే అడగండి.

షాపులో చూడాల్సినవి

మొదటి ప్రశ్న మిషన్ గురించి కాదు, సామాను గురించి: తాడు చుట్టే స్టార్టరు, క్లచ్ డ్రమ్ము, ఆయిల్ పంపు, ఎయిర్ ఫిల్టరు ఈ షాపులో ఇప్పుడు ఉన్నాయా? "తెప్పిస్తాం" అంటే లేవని అర్థం. నెల్లూరులోనో ఒంగోలులోనో సర్వీసు ఉండి, ఆ సామాను అల్మారాలో కనిపించే కంపెనీని ఎంచుకోండి. పేరులేని 58 సీసీ మిషన్ ఆన్‌లైన్‌లో ఐదారు వేలకే దొరుకుతుంది. మంచి కంపెనీది దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. పేరులేని వాటికి సామాను చౌకగా, దాదాపు అన్ని పంపు సెట్ల, స్ప్రేయర్ల షాపుల్లో దొరుకుతుందన్నది వాటికున్న ఒక మంచి గుణం. విప్పి బిగించడం తెలిసినవాళ్లకి అది చాలు. తెలియనివాళ్లు కంపెనీది కొనుక్కోవడం మేలు.

తర్వాత మిషన్ చేతికి తీసుకుని ఇవి చూడండి. ముందు పిడి దగ్గర ఉండే చైన్ బ్రేకు ముందుకి తోస్తే టక్కున పడాలి, చైను చేత్తో లాగినా కదలకూడదు. వెనక పిడి మీద ఉండే తాళం మీట నొక్కకపోతే ట్రిగ్గరు కదలకూడదు. చైను తెగితే పట్టే కొక్కెం బార్ మొదట్లో కింద ఉండాలి. పిడులకీ ఇంజనుకీ మధ్య రబ్బరో స్ప్రింగో ఉండాలి, లేకపోతే అరగంటకే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఈ నాలుగింటిలో ఒక్కటి లేకపోయినా కొనొద్దు.

స్టార్ట్ చేయించండి. ట్రిగ్గరు వదిలినప్పుడు ఇంజను తిరుగుతున్నా చైను ఆగి ఉండాలి. చైను మెల్లగా పాకుతుంటే సర్దించండి. సర్దినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగులో తేడా ఉన్నట్టు. బార్ కొసని ఒక అట్టపెట్టె వైపు జానెడు దూరంలో పట్టుకుని ఇంజను రేస్ చేస్తే అట్ట మీద ఆయిలు గీత పడాలి. పడకపోతే ఆయిల్ పంపు పనిచేయడం లేదు.

యాంగిల్ గ్రైండరుకి తగిలించే బార్, చైను సెట్టు కొన్ని వందలకే అమ్ముతున్నారు. దాన్ని కొనొద్దు. గ్రైండరు నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. చైన్ బ్రేకు ఉండదు, స్విచ్ కట్టినా వెంటనే ఆగదు, రెండు చేతులతో పట్టుకునే పిడులూ సరిగా ఉండవు. బార్ ఎగిరి మెడ మీదకి వస్తే ఆపేదేమీ లేదు.

పాత మిషన్ కొనాలంటే ముందు సైలెన్సరు విప్పించండి. లోపల పిస్టన్ కనబడుతుంది. దాని పక్కన నిలువు గీతలుంటే ఆయిలు కలపని పెట్రోలుతో నడిపి ఉండొచ్చు, ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. చల్లగా ఉన్న ఇంజను తాడు పట్టి మిషన్‌ని గాల్లోకి ఎత్తితే, అది తన బరువుకి టపటపా జారిపోకుండా మెల్లగా, ఆగి ఆగి దిగాలి. గబుక్కున జారితే కంప్రెషన్ పోయింది.

మిషన్‌తో పాటే కొనాల్సినవి

ఇంకో చైను, సరైన కొలత గుండ్రటి ఆకురాయి, చదును ఆకురాయి, చైను ఆయిలు, టూ స్ట్రోక్ ఆయిలు. ఆకురాయి కొలత: 3/8 లో ప్రొఫైల్‌కి 4 మిల్లీమీటర్లు, .325కి 4.8. కళ్లద్దాలు, చెవులకి మఫ్, గట్టి అడుగున్న తోలు బూట్లు, మందపాటి ప్యాంటు. సర్కారు తుమ్మ ముల్లు హవాయి చెప్పుని చీల్చి పాదంలోకి దిగుతుంది. లుంగీ కట్టుకుని, భుజం మీద తువ్వాలు వేసుకుని, కొంగు వదిలేసి ఈ మిషన్ పట్టకూడదు. చైనుకి గుడ్డ తగిలితే మనిషిని లోపలికి లాగుతుంది. చైను తగిలినప్పుడు దారాలు చుట్టుకుని దాన్ని ఆపేసే ప్రత్యేకమైన ప్యాంట్లు కూడా పెద్ద కంపెనీల దగ్గర దొరుకుతాయి. వాటి ధర చూసి వెనకాడతారు గానీ తొడకి తగిలే గాయాలు ఎక్కువ.

పెట్రోలు కలపడం

ఎక్కువ ఇంజన్లు పోయేది ఇక్కడే. పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిలు కలపకుండా నడిపితే నిమిషాల్లో పిస్టన్ పట్టేస్తుంది. జాసో ఎఫ్‌డీ అని (టూ స్ట్రోక్ ఆయిలు నాణ్యత గుర్తు) రాసి ఉన్న ఆయిలు తీసుకోండి. 50:1 అని చెప్పిన మిషన్‌కి లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు, 25:1 అని చెప్పినదానికి 40. మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజితో కొలిస్తే తేడా రాదు. మూతలతో, అంచనాలతో పోయకండి. మిషన్ ట్యాంకులో నేరుగా కలపకుండా వేరే డబ్బాలో కలిపి బాగా కుదిపి పోయండి. మోటారు సైకిల్లో పోసే ఫోర్ స్ట్రోక్ ఆయిలు దీనికి పనికిరాదు, ప్లగ్గు మసి పట్టేస్తుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. తీరం దగ్గర ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. నెల దాటిన కలిపిన పెట్రోలు వాడకండి. పనికి సరిపడా ఒకటి రెండు లీటర్లే కలుపుకోండి.

చైను ఆయిలు పెట్రోలు ట్యాంకుతో పాటే ప్రతిసారీ నింపాలి. పెట్రోలు అయిపోయినా ఆయిలు సగానికి పైన మిగిలితే బార్‌కి ఆయిలు సరిగా చేరడం లేదు. చైను ఆయిలు దొరకనప్పుడు కొత్త ఎస్ఏఈ 40 ఇంజను ఆయిలు పోయొచ్చు. ట్రాక్టరులోంచి తీసిన నల్ల ఆయిలు మాత్రం వద్దు. అందులోని లోహపు పొడి ఆయిల్ పంపుని, బార్ గాడిని అరగదీస్తుంది.

వేడిగా ఉన్న మిషన్‌లో పెట్రోలు పోయకండి, పది నిమిషాలు చల్లారనివ్వండి. ఎండు గడ్డి మీద పెట్టి పోయకుండా ఖాళీ నేల మీద పోసి, అక్కడి నుంచి నాలుగడుగులు అవతలికి జరిగి స్టార్ట్ చేయండి. రోహిణీ కార్తెలో ఈ మాట మరీ ముఖ్యం.

కోసేటప్పుడు

పచ్చిగా ఉన్నప్పుడే కోసి, ఎండబెట్టండి. ఎండిన సర్కారు తుమ్మ కంటే పచ్చిది సగం శ్రమతో తెగుతుంది, చిన్న మిషన్ సరిపోవడానికి పెద్ద కారణం ఇదే. ముందు కంపని పంగలకర్రతో నొక్కిపట్టి కొడవలితో సన్నకొమ్మలు దించేయండి. నిలబడే చోటు శుభ్రమయ్యాకే మిషన్ స్టార్ట్ చేయాలి.

నేల మీద పెట్టి కోయకండి. చైను ఒక్కసారి మట్టిని తాకినా పదును పోతుంది. గుణకారం గుర్తులా రెండు జతల కర్రలు బిగించి మోకాళ్లకి పైన, నడుముకి కింద ఎత్తులో కోత బల్ల చేసుకోండి. సరుగుడు బెరడుని పుల్లల చీపురుతో దులిపి పెట్టండి. కంచెకి వాడిన తుమ్మ, వేప గుంజల్లో ముళ్లతీగ కొక్కేలు, రోడ్డు పక్క చెట్లలో ఫ్లెక్సీలు కొట్టిన మేకులు ఉంటాయి, వెతికి పీకండి.

కోత బార్ మొదలు దగ్గర నుంచి మొదలవ్వాలి. బార్ కొస పైసగం దేనికైనా తగిలితే మిషన్ పైకి ఎగిరి మొహం మీదకి వస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. ఎడమచేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ తిరిగి పట్టుకోవాలి, మీ తల బార్‌కి నేరుగా కాక కాస్త ఎడమకి ఉండాలి. భుజం ఎత్తు దాటి ఎప్పుడూ కోయొద్దు, నిచ్చెనెక్కి అసలు వద్దు.

రెండు చివర్లా ఆనిన కట్టెకి పైన నొక్కుడు, కింద లాగుడు ఉంటాయి. పై నుంచి మూడో వంతు కోసి, మిగతాది కింద నుంచి పైకి కోయండి. ఒక చివరే ఆనితే దీనికి తిరగేసి. ఇది మరిస్తే బార్ కట్టెలో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ఇంజను ఆపి, చెక్క మేకు కొట్టి కోతని వెడల్పు చేసి తీయాలి. మిషన్ పట్టి గుంజకండి.

తుపాను తర్వాత పడిన చెట్లు వేరే రకం ప్రమాదం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ రెండు జిల్లాల్లో కూడా గాలికి చెట్లు పడ్డాయి. వేళ్లతో సహా లేచిన చెట్టుని కోస్తే మొదలు తిరిగి గుంటలోకి లేచి నిలబడొచ్చు, వంగి ఉన్న కొమ్మ విల్లులా విదిలించవచ్చు. కొత్తగా మిషన్ కొన్నవాళ్లు వాటి జోలికి పోకూడదు. కరెంటు తీగ తగిలి ఉంటే 1912కి ఫోన్ చేసి లైను తీయించాకే దగ్గరికి వెళ్లాలి.

చట్టం మాట కూడా. ఆంధ్రప్రదేశ్ వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం 2002 నుంచి అమల్లో ఉంది, సొంత స్థలంలో చెట్టు కొట్టడానికి కూడా అనుమతి కావాల్సి రావచ్చు. ముందే అటవీ రేంజి కార్యాలయంలో అడగండి. ఉదయగిరి, రాపూరు వైపు వెలిగొండల దగ్గర ఎర్రచందనం మాను పట్టా భూమిలో ఉన్నా అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. రిజర్వు ఫారెస్టులోకి మిషన్‌తో వెళ్లడం కేసు తెచ్చుకోవడమే.

పదును పెట్టడం, తేడాలు పట్టుకోవడం

కింద రాలే పొట్టు చూడండి. పెచ్చులుగా, ముక్కలుగా రాలితే చైను పదునుగా ఉంది. పిండిలా రాలితే మొద్దుబారింది. బరువు వేసి నొక్కితే తప్ప దిగడం లేదన్నా అదే. మొద్దు చైనుతో కోస్తే క్లచ్, బార్, ఇంజను మూడూ వేడెక్కి పాడవుతాయి. మిషన్ బలం చాలడం లేదని పెద్దది కొనేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఆకురాయే.

బార్‌ని బిగించి, బ్రేకు వేసి, బాగా అరిగిన పన్ను నుంచి మొదలుపెట్టండి. 30 డిగ్రీల వాలులో, ఆకురాయిని లోపలి నుంచి బయటికి మాత్రమే తోయండి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తండి. ప్రతి పన్నుకీ ఒకే లెక్కన మూడు నాలుగు తోపులు. ఒక పక్క పళ్లన్నీ అయ్యాక మిషన్ తిప్పి రెండో పక్క. రెండు పక్కలా పళ్ల పొడవు తేడా వస్తే కోత ఒక వైపుకి వంకర తిరుగుతుంది. నాలుగైదు సార్లు పదును పెట్టాక, ప్రతి పన్ను ముందూ ఉండే చిన్న ముక్కుని చదును ఆకురాయితో దించాలి. పన్ను కంటే అది 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. మరీ దించితే చైను కట్టెని కొరికి ఎగురుతుంది. పన్ను పొడవు 4 మిల్లీమీటర్లకి వచ్చాక చైను మార్చేయండి. రెండు మూడు చైన్లకి ఒకసారి స్ప్రాకెట్ (చైనుని తిప్పే పళ్ల చక్రం) కూడా మార్చాలి.

చైను బిగువు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. బార్ మధ్యలో కింద పట్టి లాగితే గాడిలోని పళ్లు పూర్తిగా బయటికి రాకూడదు, చేత్తో లాగితే సులువుగా తిరగాలి. కొత్త చైను మొదటి అరగంటలో సాగుతుంది, రెండు మూడుసార్లు బిగించుకోండి. వేడిగా ఉండగా బిగిస్తే పని అయ్యాక వదులు చేయడం మరవకండి, చల్లారితే చైను కుదించుకుని బార్‌ని, క్రాంక్ బేరింగుని లాగుతుంది.

స్టార్ట్ కాకపోతే ప్లగ్గు విప్పండి. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. ప్లగ్గు తుడిచి, చోక్ తీసేసి, ప్లగ్గు లేకుండా నాలుగైదుసార్లు తాడు లాగి మళ్లీ బిగించండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు, ట్యాంకులోని ఫిల్టరో, ఇథనాల్‌కి గట్టిబడి చీలిన సన్న రబ్బరు పైపో చూడండి. స్టార్టయి, రేస్ చేస్తే ఆగిపోతుంటే ముందు ఎయిర్ ఫిల్టరు. సర్కారు తుమ్మ దుమ్ముకి అది ఒక్క పూటలోనే మూసుకుపోతుంది. ప్రతి పూటా తీసి దులపండి.

పని అయ్యాక బార్ విప్పి గాడిలో పేరుకున్న ఆయిలు పొట్టుని సన్న రేకుతో గీరి తీయండి. ఆయిలు వచ్చే చిన్న రంధ్రాన్ని పిన్నుతో పొడవండి. బార్‌ని తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి. నెల దాకా మళ్లీ పని లేదంటే పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడపండి. మళ్లీ తీసిన రోజు పాత పెట్రోలు కార్బురేటరులో గడ్డకట్టి ఉండదు.